గెడ్డలో దిగిన డెమో బండి

కరోనా సద్దుమణిగి జనం మళ్లీ షోరూముల గుమ్మం తొక్కడం మొదలుపెట్టిన ఏడాది, తొలకరి రోజుల్లో, నన్ను విజయనగరం నుంచి శ్రీకాకుళం షోరూముకు సేల్స్ మేనేజరుగా బదిలీ చేశారు. అప్పటికి కార్లు అమ్మే వృత్తిలో నాకు ముప్పై ఏళ్లు దాటాయి. బిల్లులు కొట్టే గుమాస్తాగా చేరి, సేల్స్ కన్సల్టెంటుగా, టీమ్ లీడరుగా పనిచేసి ఆ కుర్చీ దాకా వచ్చాను. ఆడమనిషి కార్లు అమ్మడమేమిటని మొదట్లో మొహం చిట్లించినవాళ్లే తరవాత తమ కూతుళ్లకు మా దగ్గర ఉద్యోగం చూడమని వచ్చారు. ఆ సంగతులు అలా ఉంచి, ఆ వానాకాలంలో జరిగిన ఒక అమ్మకం గురించి మాత్రం ఇక్కడ రాస్తున్నాను.

నేను చేరిన రోజునే మా జనరల్ మేనేజరు నన్ను షోరూము వెనక యార్డులోకి తీసుకెళ్లి ఒక బండి చూపించారు. పెద్ద ఎస్‌యూవీ. ఏడుగురు కూర్చోవచ్చు. తెల్ల రంగుదే గానీ దుమ్ము వల్ల ఆ విషయం దగ్గరికెళ్తే తప్ప తెలియడం లేదు. నెలల తరబడి అమ్ముడుపోకుండా నిలబడిన బండిని మా వృత్తిలో ఏజింగ్ స్టాక్ అంటారు. అలాంటిది యార్డులో ఉంటే పెళ్లి కుదరని కొడుకు ఇంట్లో ఉన్నట్టే. వచ్చినవాళ్లందరికీ ముందు దాని మాటే చెబుతాం. ఇది ఎందుకు నిలబడిపోయిందని అడిగితే, ఫోర్ వీల్ డ్రైవ్ కాబట్టి అన్నారాయన.

ఈ ఫోర్ వీల్ డ్రైవ్ సంగతి రెండు ముక్కల్లో చెప్పాలి. ఆ మోడలు రెండు రకాలుగా వచ్చేది. మామూలు రకంలో ఇంజను బలం వెనక చక్రాలకే వెళ్తుంది. అదనంగా చెల్లించి రెండో రకం తీసుకుంటే ముందు చక్రాలకు కూడా వెళ్తుంది. అయితే అది దానంతట అది వెళ్లదు. గేరు పక్కన గుండ్రటి మీట ఒకటి ఉంటుంది. దాన్ని ఒక గీత తిప్పితే నాలుగు చక్రాలూ లాగుతాయి. బండి ఆపి, న్యూట్రల్‌లో పెట్టి, రెండో గీతకు తిప్పితే నాలుగూ మెల్లగా, బాగా బలంగా లాగుతాయి. తిప్పకపోతే అది కూడా మామూలు బండే, కాస్త బరువెక్కువ, మైలేజీ తక్కువ. ఈ చివరి మాట కొనేవాళ్లలో చాలామంది చెవికి ఎక్కదు. వెనక డోరు మీద ఫోర్ బై ఫోర్ అన్న అక్షరాలుంటే బండి కొండలెక్కి దిగుతుందని నమ్ముతారు.

నేను చేరిన కొద్దిరోజులకే రాజాం దగ్గరి పల్లె నుంచి ఒక కుటుంబం వచ్చింది. ఇంటిపెద్ద గౌరునాయుడు గారు. వరి పండిస్తారు, ఓ చిన్న రైసు మిల్లు ఉంది. భార్య సన్యాసమ్మ గారు. తల్లి పరదేశమ్మ గారు. నాలుగో మనిషి సన్యాసమ్మ గారి తమ్ముడు అప్పలస్వామి. సాలూరులో రెండు లారీలున్నాయి అతనికి. లారీలున్న మనిషి కాబట్టి కార్ల గురించి చివరి మాట తనదేనని అతని నమ్మకం. వృత్తిపరమైన అలవాటు కొద్దీ, వచ్చినవాళ్లు బండిలో ముందు ఏం చూస్తారో నేను గమనిస్తాను. గౌరునాయుడు గారు వెనక్కెళ్లి ఫోర్ బై ఫోర్ అక్షరాలు తడిమారు. అప్పలస్వామి నేల మీద మోకాళ్లేసి బండి కిందికి తొంగిచూశాడు. సన్యాసమ్మ గారు వెనక తలుపు తీసి, ఫుట్‌బోర్డు మీద కాలు పెట్టి ఎక్కి, దిగి, మళ్లీ ఎక్కారు. పరదేశమ్మ గారు సోఫాలో కూర్చుని కాఫీలో పంచదార తక్కువైందని చెప్పారు.

గౌరునాయుడు గారికి ఫోర్ వీల్ డ్రైవే కావాలి. ఆయన పొలం గెడ్డ అవతల ఉంది. కొండల మీంచి దిగే వాగును మావైపు గెడ్డ అంటారు. వానాకాలంలో పొలానికి వెళ్లాలంటే ఆ గెడ్డ దాటాలన్నది ఆయన వాదన. అప్పలస్వామి ఒప్పుకోలేదు.

“ముందు సక్రాలేటి సేస్తాయి బావా? తోవ సూపిస్తాయి. తోసేవి ఎనకవే. నా లారీ అంత లోడెత్తుకొని ఘాటీ ఎక్కతన్నాది, దానికి తోసేవి ఎనక సక్రాలే,” అన్నాడు.

“నీ లారీకి నా గెడ్డ ఏటి తెలుసురా?” అన్నారు గౌరునాయుడు గారు.

ఆ రోజు బావాబావమరుదులు కాఫీలు తాగుతూ తిట్టుకున్నారు. రెండోసారి వచ్చినప్పుడు కాఫీలు కూడా ముట్టలేదు. మూడోసారి అప్పలస్వామి రాలేదు. నువ్వు లారీల వాడివి, లారీలు చూసుకో అని గౌరునాయుడు గారు ఫోనులో అన్నారట. దాంతో సాలూరు నుంచి రాకపోకలు ఆగిపోయాయి. మా వృత్తిలో ప్రతి ఎంక్వయిరీకి ఒక వేడి రాసుకుంటాం. పక్షం రోజుల్లో కొనేవాళ్లు హాట్, నెలా రెండు నెలల్లో అయితే వార్మ్, ఆ పైన కోల్డ్. ఈ కుటుంబం దగ్గర వేడికి లోటు లేదు గానీ, అది బండి వైపు కాకుండా ఒకరి మీద ఒకరికి పోతోంది. మధ్యలో నలిగింది సన్యాసమ్మ గారు. ఒక కారు రాకముందే ఆవిడకు పుట్టిల్లు దూరమైంది.

ఆ తరవాత ఒక ఆదివారం అత్తాకోడళ్లిద్దరే షోరూముకు వచ్చారు. అరసవల్లిలో దర్శనం చేసుకుని ఆటోలో వచ్చామని చెప్పి నా చేతిలో ప్రసాదం పెట్టారు. గౌరునాయుడు గారు ఎక్కడని అడిగితే, ఆయనకు తెలియదని, తెలియకుండానే వచ్చామని పరదేశమ్మ గారు ఎంతో నిదానంగా చెప్పారు. సన్యాసమ్మ గారు చీర నడుము దగ్గర దోపుకున్న చిన్న పర్సులోంచి ఒక కార్డు తీసి నా బల్ల మీద పెట్టారు. డ్రైవింగ్ లైసెన్సు. రాజాంలో నేర్చుకున్నారట. కుట్టుపని నేర్చుకుంటున్నానని ఇంట్లో చెప్పారట.

కారణం అడగకుండానే చెప్పారు. అంతకుముందు చలికాలంలో ఒక ఉదయం పరదేశమ్మ గారికి ఊపిరి అందలేదు. గౌరునాయుడు గారు మిల్లులో ఉన్నారు, ఫోను ఎత్తలేదు. పాత కారు ఇంటి ముందే ఉంది, తాళాలు మేకుకు వేలాడుతున్నాయి. అత్తగారిని అరుగు మీద ఒళ్లో పెట్టుకుని, ఎవరో ఆటో తెచ్చేవరకు ఆ తాళాలనే చూస్తూ కూర్చున్నానని చెప్పారు సన్యాసమ్మ గారు. ఆసుపత్రి నుంచి వచ్చాక డ్రైవింగ్ నేర్చుకోమని చెప్పింది అత్తగారే.

“ఇంకో సంగతి కూడా ఉన్నాది తల్లీ,” అన్నారు పరదేశమ్మ గారు. “మావోడు బండి నడిపితే పొలాలు సూస్తాడు గానీ రోడ్డు సూడడు. పక్కన ఎవుల సేను ఎంత పండినాదో మాకు సెప్తా నడుపుతాడు. నాకు ఆ బండెక్కితే ప్రాణం గుప్పిట్లో ఉంటాది.”

వాళ్లకు కావలసింది టెస్ట్ డ్రైవ్. మగవాళ్లు ఏ బండి తెచ్చినా నడిపేది తనే కాబట్టి, తనకు ఏది లొంగుతుందో ముందే తెలుసుకోవాలని సన్యాసమ్మ గారి ఉద్దేశం. మా నియమాల ప్రకారం టెస్ట్ డ్రైవ్‌కు రెండే షరతులు. నడిపే మనిషికి లైసెన్సు ఉండాలి, బండిలో మా మనిషి ఒకరు ఉండాలి. ఎన్నిసార్లు ఇవ్వవచ్చో ఎక్కడా రాయలేదు. రాయని షరతును నేను కల్పించుకోలేదు.

అలా ఆ కుటుంబంలో సూర్యభక్తి మొదలైంది. ప్రతి ఆదివారం అరసవల్లి దర్శనం, తరవాత మా షోరూము. మా డెమో బండి ఆటోమేటిక్, ఫోర్ వీల్ డ్రైవ్. మొదటిసారి సన్యాసమ్మ గారు బ్రేకు తొక్కిన తీరుకు వెనక సీట్లో పరదేశమ్మ గారి ప్రసాదం ముందు సీట్లోకి వచ్చింది. రెండోసారి హైవే మీద లారీని దాటబోయి, మనసు మార్చుకుని, దాని వెనకే పక్క ఊరిదాకా వెళ్లారు. తరవాత కుదురుకున్నారు. నడుపుతూనే ప్రశ్నలు వేసేవారు. మూడో వరసలోకి ఏసీ గాలి వస్తుందా, ఆ సీట్లు మడిస్తే బియ్యం బస్తాలు ఎన్ని పడతాయి, సీటు గుడ్డ తడిబట్టతో తుడిస్తే శుభ్రపడుతుందా, మోకాళ్ల నొప్పులున్న మనిషి ఏ సాయమూ లేకుండా ఎక్కగలదా. నా సర్వీసు మొత్తంలో అంత పనికొచ్చే ప్రశ్నలు వేసిన కస్టమర్లు కొద్దిమందే. ఒకరోజు ఆ గుండ్రటి మీట ఏమిటని అడిగారు. షోరూము వెనక, చదును చేయని స్థలంలో, వాన బురదలో దాన్ని తిప్పి చూపించాను. తనూ తిప్పి నడిపి చూశారు. బాగానే ఉంది అన్నారు.

ఇంతలో గౌరునాయుడు గారు నాకు ఫోను చేస్తూనే ఉండేవారు. ఒకసారి మాటల మధ్యలో, “మా యమ్మకి ఈ మద్దిన భక్తి ముదిరిపోయినాది మేడమ్ గారూ, ప్రతి ఆదివారం అరసవల్లే. కోడల్ని తోడెట్టుకొని ఎల్తన్నాది,” అన్నారు. మంచిదేనండీ, ఆరోగ్యానికి సూర్యుడే కదా అన్నాను.

చివరికి ఆయన ఒక షరతు పెట్టారు. బండి తన గెడ్డ దాటి చూపిస్తే కొంటానన్నారు. బావమరిదిని కూడా సాలూరు నుంచి రప్పిస్తానని, వాడి కళ్లముందే దాటిస్తానని అన్నారు. డెమో బండి మామూలుగా షోరూము నుంచి హైవే మీద కొంతదూరం వెళ్లి తిరిగి రావాలి. అది దాటి వెళ్లాలంటే జనరల్ మేనేజరు అనుమతి కావాలి. యార్డులో ఉన్న తెల్లబండి మీద దుమ్ము ఇంకో పొర పెరిగి ఉంది కాబట్టి అనుమతి వెంటనే వచ్చింది. గెడ్డలోకి కాదు, సముద్రంలోకైనా తీసుకెళ్లమన్నారాయన.

నేనే డెమో బండి నడుపుకుంటూ వాళ్ల ఊరు వెళ్లాను. ముందురోజు వాన పడింది. అప్పలస్వామి కొత్త తెల్లచొక్కా వేసుకుని వచ్చాడు. బావతో మాట్లాడకుండా, బావకు వినబడేలా నాతో మాట్లాడుతున్నాడు. తాళం ఇచ్చే ముందు గౌరునాయుడు గారి లైసెన్సు చూశాను, మీట గురించి చెప్పాను, నీళ్లలో దిగకముందే ఆపి తిప్పుకోమన్నాను. తెలుసు తెలుసు అని తలూపుతూ సీటు బెల్టు పెట్టుకున్నారు. ఆయన పక్కన అప్పలస్వామి, వెనక మేము ముగ్గురు ఆడవాళ్లం.

గెడ్డ వెడల్పుగా ఉంది గానీ లోతు లేదు. చక్రంలో సగానికి కూడా రాని నీళ్లు, కింద ఇసుక, ఇసుక కింద బురద. గౌరునాయుడు గారు ఆపలేదు. మీట జోలికి వెళ్లలేదు. నేరుగా దిగారు. నాలుగు బారలు వెళ్లేసరికి బండి వెనకభాగం ఒకవైపు ఒరిగి నిలిచిపోయింది. ఆయన యాక్సిలరేటరు తొక్కారు. వెనక చక్రాలు గిర్రున తిరిగి ఇంకాస్త లోపలికి తవ్వుకున్నాయి. ముందు చక్రాలు ఏ సంబంధమూ లేనట్టు ఊరుకున్నాయి.

మీట సంగతి మళ్లీ చెబుదామని నోరు తెరిచాను. సన్యాసమ్మ గారు నా మణికట్టు మీద చెయ్యి వేసి మెల్లగా నొక్కారు. ఎవరికీ ప్రమాదం లేదు. ఒకసారి చెప్పవలసింది అప్పటికే చెప్పాను. నోరు మూసుకున్నాను.

“ఏటి బావా, నాలుగు సక్రాలూ లాగతన్నాయా?” అని అప్పలస్వామి చాలా రోజుల తరవాత బావతో నేరుగా మాట్లాడాడు. తలుపు తీసి దిగి, తను తోస్తాననీ, లారీలను తోసిన చేతులివనీ చెప్పి బండి వెనక్కి వెళ్లాడు. గౌరునాయుడు గారు మళ్లీ తొక్కారు. వెనక చక్రం తవ్విన బురదంతా అతని చొక్కా మీదికి, మొహం మీదికి లేచింది. అద్దంలో ఆ దృశ్యం చూసిన గౌరునాయుడు గారు ఇంకొకసారి తొక్కారు. ఆ రెండోసారి తొక్కడానికి బండికి సంబంధించిన కారణం ఏమీ లేదని నా అభిప్రాయం.

అప్పలస్వామి మొహం తుడుచుకుని, ఊళ్లోకి వెళ్లి ట్రాక్టరు తెస్తానన్నాడు. గౌరునాయుడు గారి మొహం అప్పుడు మారింది. ట్రాక్టరు ఒక్కటే రాదు, దాని వెనక ఊరు మొత్తం వస్తుంది. ఆ గెడ్డలో ఇరుక్కున్న బండి కథ ఆయన మిల్లు దగ్గర ఏళ్లతరబడి చెప్పుకుంటారు. ఆయన స్టీరింగు పట్టుకుని అలాగే కూర్చున్నారు. నుదుటి మీద చెమట పట్టింది. అంతసేపూ నాకు లోపల నవ్వుగానే ఉంది గానీ, ఆ క్షణంలో మాత్రం ఆయన్ని చూస్తే జాలేసింది.

“మావా, నువ్వు దిగు. నాను తీస్తాను,” అన్నారు సన్యాసమ్మ గారు.

ఆయన వెనక్కి తిరిగి భార్యను చూసి, తరవాత నన్ను చూశారు. నియమాలు చెప్పడం నా పని కాబట్టి, లైసెన్సు ఉన్నవాళ్లెవరైనా నడపవచ్చని చెప్పాను. మా అప్పకి లైసెన్సు ఎక్కడిదని అప్పలస్వామి బయటి నుంచి అన్నాడు. వాళ్లవైపు అక్కను అప్ప అంటారు. ఆ అప్ప నడుము దగ్గర పర్సు తీసి, కార్డు మొగుడి చేతిలో పెట్టారు. గౌరునాయుడు గారు దాన్ని ఇటు తిప్పి అటు తిప్పి చూశారు. ఎప్పుడు తీసుకున్నావని అడిగారు. నువ్వు మిల్లులో ఉన్నప్పుడు అని జవాబు. ఫొటోను కళ్ల దగ్గరికి తెచ్చుకున్నారు.

“ఫొటోలో బాగానే ఉన్నావే,” అని కార్డు తిరిగిచ్చి, పంచె ఎగగట్టుకుని నీళ్లలోకి దిగారు.

సన్యాసమ్మ గారు చీర కుచ్చెళ్లు బిగించి, ముందు సీట్ల మధ్య నుంచే జరిగి వెళ్లి స్టీరింగు ముందు కూర్చున్నారు. బ్రేకు మీద కాలు, గేరు న్యూట్రల్, మీట రెండో గీతకు. ముందు అద్దం కింద చిన్న దీపం మినుకు మినుకుమని, తరవాత నిలకడగా వెలిగేదాకా ఆగారు. మగవాళ్లిద్దరూ ముందుకు, అవతలి గట్టుకు పోనివ్వమంటున్నారు. ఆవిడ వాళ్ల మాట వినలేదు. వచ్చిన దారి గట్టిగా ఉందని తెలుసు, ముందున్న దారి ఎలా ఉందో తెలియదు. రివర్సు వేశారు. యాక్సిలరేటరు తొక్కీ తొక్కనట్టు వదిలారు. బండి ఒకసారి మూలిగి, నాలుగు చక్రాలతో నేలను పట్టుకుని, నడిచే మనిషి వేగంతో వెనక్కి ఎక్కసాగింది. పరదేశమ్మ గారు కళ్లు మూసుకుని ఏదో జపిస్తున్నారు. ఈసారి అది నిజమైన భక్తే.

అంతా సవ్యంగా జరిగేదే. కానీ అప్పలస్వామి ఊరుకోలేడు. లారీని వెనక్కి తీసేటప్పుడు క్లీనరు చేసినట్టు బండి వెనక నిలబడి, డోరు మీద చేత్తో తడుతూ, రానీ రానీ అని చెప్పడం మొదలుపెట్టాడు. గట్టెక్కాక బండిలోని సెన్సారు కీచుమంది. ఆవిడ ఆపారు.

“రానీ అప్పా, ఇంకా శానా ఉన్నాది, రానీ,” అన్నాడు అతను.

తమ్ముడి మాట విన్నారు. బంపరు వెళ్లి గట్టు మీద పడి ఉన్న తాటిమొద్దుకు కొట్టుకుంది. పెద్ద దెబ్బేమీ కాదు, అరచెయ్యంత సొట్ట. అప్పలస్వామి మొద్దును, బంపరును, తన చేతిని ఒకదాని తరవాత ఒకటి చూసుకున్నాడు.

అక్కడి నుంచి బండి సన్యాసమ్మ గారే నడిపారు. వద్దనేంత ధైర్యం ఎవరికీ మిగల్లేదు. ఇంటివైపు కాకుండా గట్టు వెంబడి కొంతదూరం పోనిచ్చి ఎడమకు తిప్పారు. అక్కడ గెడ్డ మీద సిమెంటు వంతెన ఉంది. దాని మీద నుంచి హాయిగా దాటి, గౌరునాయుడు గారి పొలం గట్టు దగ్గర బండి ఆపారు. ఊడ్పులు అప్పుడే అయ్యాయి, పొలమంతా పచ్చగా ఉంది. వంతెన ఉంటే గెడ్డలోకి ఎందుకు దిగామని నేను అడిగాను. అడక్కుండా ఉండడం నా వల్ల కాలేదు.

“ఇది సుట్టు మేడమ్ గారూ,” అన్నారు గౌరునాయుడు గారు. కొంచెం ఆగి, “పెద్ద సుట్టేం కాదు,” అన్నారు.

తిరుగు ప్రయాణంలో ఆయనకు మెల్లగా ఆదివారాలు గుర్తుకొచ్చాయి. వెనక్కి తిరిగి తల్లిని అడిగారు.

“అరసవల్లి దేవుడు లైసెన్సులు కూడా ఇస్తన్నాడేటే అమ్మా?”

“దర్శనం మట్టుకు నిజమేరా,” అన్నారు పరదేశమ్మ గారు. “నాకు ఊపిరి అందని పొద్దు గురుతున్నాదా? ఆ పొద్దు బండి మన గుమ్మం ముందలే ఉన్నాది. నడిపేవోడు లేడు. ఇంకెప్పుడూ అలగ ఉండకూడదని నానే పంపినాను. దాన్ని ఏటీ అనకు.”

గౌరునాయుడు గారు కిటికీ వైపు తిరిగి చాలాసేపు పక్క పొలాలు చూశారు. ఈసారి ఆయన చేతిలో స్టీరింగు లేదు కాబట్టి ఎవరికీ అభ్యంతరం లేకపోయింది. ఇల్లు చేరాక బావమరిదికి తన ఉతికిన చొక్కా ఒకటి తెచ్చిచ్చి, తిని వెళ్లమన్నారు. అతను కాదనలేదు. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని, ఇసుక ఎలాంటిది, బురద ఎలాంటిది అని మాట్లాడుకుంటూ నా వంతు చేపలు కూడా తినేశారు.

డెమో బండికి సొట్ట పడితే ఎవరు నడుపుతుండగా, ఎక్కడ, ఎలా అని రాసివ్వాలి. ఉన్నది ఉన్నట్టే రాశాను. ‘కస్టమరు బంధువు చేసిన సైగల ప్రకారం వెనక్కి తీస్తుండగా’ అన్న చోట జనరల్ మేనేజరు కళ్లజోడు తీసి నన్ను చూశారు. ఇంతకీ ఫోర్ వీల్ డ్రైవ్ అమ్ముడవుతుందా లేదా అని అడిగారు. అవకాశం ఉందన్నాను. అప్పటికి ఆ మాటను నేనూ నమ్మలేదు.

మరుసటి వారం బుకింగుకు నలుగురూ వచ్చారు. వచ్చీరాగానే వాదన మొదలైంది. కాకపోతే ఈసారి ఇద్దరూ వైపులు మార్చుకున్నారు. గౌరునాయుడు గారికి ఫోర్ వీల్ డ్రైవ్ పేరు వింటేనే గెడ్డ గుర్తొస్తోంది. అది ఉందన్న ధీమాతోనే తను నీళ్లలో దిగానని, మామూలు బండి అయితే అసలు దిగేవాణ్నే కాదని ఆయన అన్నారు. నా దృష్టిలో ఆ మాటలో కొంత నిజం ఉంది. అప్పలస్వామికి మాత్రం, అంత బురదలోంచి అంత మెల్లగా బండి ఎక్కి రావడం కళ్లారా చూశాక మనసు పూర్తిగా మారిపోయింది. ముందు చక్రాలు లాగకపోతే అది బండే కాదంటున్నాడు. మొదటి రోజు బావ చెప్పిన మాటలన్నీ బావకే తిరిగి చెబుతున్నాడు.

సన్యాసమ్మ గారు కాఫీ ముగించి, రెండు రకాలకీ సీట్లు, ఫుట్‌బోర్డు, వెనక ఏసీ ఒకటేనా అని నన్ను అడిగారు. ఒకటేనన్నాను. మలుపు తిరగడంలో తేడా ఉందా అన్నారు. చెప్పుకోదగ్గ తేడా లేదన్నాను.

“అలగైతే రెండు సక్రాల్దే ఇవ్వండి, ఆటోమేటిక్. గెడ్డకి వంతెన ఉన్నాది. నాను వంతెన మీంచి ఎల్తాను,” అన్నారు.

తమ్ముడు మళ్లీ మొదలుపెట్టబోతే, ఆవిడ అతని వైపు తిరిగి, “నీకంత నచ్చితే నువ్వు కొనుక్కోరా, ఎవులొద్దన్నారు?” అన్నారు. అక్కడితో వాదన అయిపోయింది. బుకింగు కాగితం మీద గౌరునాయుడు గారు సంతకం చేశారు.

కొన్నాళ్లకు అప్పలస్వామి ఒక్కడే షోరూముకు వచ్చాడు. ఎవరూ చూడటం లేదని నిర్ధారించుకుని, ఆ ఫోర్ వీల్ డ్రైవ్ బండి ఇంకా ఉందా అని అడిగాడు. అతని లారీలు ఘాటీల్లో ఆగిపోతే వానలో కొండదారి పట్టి వెళ్లాల్సింది అతనే. కాబట్టి అతని అవసరం గౌరునాయుడు గారి గెడ్డ కంటే నిజమైనది. తెల్లబండి దుమ్ము కడిగించి చూపించాను. అది ఎప్పుడు తయారైందీ, ఎంతకాలంగా యార్డులో ఉందీ ముందే చెప్పాను. బండి అప్పగించే ముందు మేము చేసే తనిఖీలో బ్యాటరీ కొత్తది వేయించాను. మీట ఎలా తిప్పాలో తెలుసా అని అడిగితే, అప్ప తిప్పినప్పుడు చూశానన్నాడు. డెలివరీ అయ్యేదాకా బావకు చెప్పొద్దని నా దగ్గర మాట తీసుకున్నాడు. అతను ఈ బండి కొనబోతున్నాడని బావే అప్పటికే నాకు ఫోనులో చెప్పారన్న సంగతి నేను అతనికి చెప్పలేదు.

మొదటి సర్వీసుకు గౌరునాయుడు గారే బండి తెచ్చారు. పలకరిద్దామని వర్క్‌షాపులోకి వెళ్లాను. ఆయన బండిలోంచి దిగలేక అవస్థ పడుతున్నారు. సీటు బాగా ముందుకు, బాగా ఎత్తుకు జరిపి ఉంది. మోకాళ్లు స్టీరింగుకు తగులుతున్నాయి. ఇంటి దగ్గర్నుంచి అలాగే కూర్చుని వచ్చారు. సీటు వెనక్కి జరుపుకోవచ్చు కదండీ అన్నాను.

“జరిపితే మళ్లీ మా ఇంటిదానికి సరిగ్గా కుదరదంతన్నాది మేడమ్ గారూ. నాను నడిపేది ఎప్పుడో ఒకసారి కదా,” అన్నారు.

ఆ తరవాత నేను రిటైరయ్యేదాకా కొత్తగా చేరిన సేల్స్ కన్సల్టెంట్లకు శిక్షణ ఇచ్చాను. ఇంజను, మైలేజీ, ఫోర్ వీల్ డ్రైవ్ గురించి వాళ్లు ఎలాగూ పుస్తకాల్లో నేర్చుకుంటారు. నేను నేర్పింది రెండే. ఫోర్ వీల్ డ్రైవ్ అడిగిన కస్టమరును, ఏ దారిలో ఏడాదికి ఎన్నిసార్లు వాడతారో ముందు అడగాలి, ఆ దారికి పక్కన వంతెన ఉందేమో కూడా అడగాలి. రెండోది, టెస్ట్ డ్రైవ్ తాళం ఇచ్చే ముందు ఇంట్లో బండి నడిపేది ఎవరని అడగాలి. జవాబు మగాయన చెబితే, ఆయన చెప్పడం పూర్తయ్యాక, వెనక సీట్లో కూర్చున్నవాళ్లను కూడా అదే ప్రశ్న అడగాలి.